సున్నా జారిపోయిన రాత్రి

(గజపతినగరం ఇంటి సన్నివేశాలు, ఆ మనుషులు కల్పితం. మధ్యలో వచ్చే కేసులు, అంకెలు, చట్టాలు నిజం.)

పొత్రం ఆగిపోయింది.

తెల్లవారుజాము మూడు. అక్టోబరు వాన రేకుల మీద దంచుతోంది. గజపతినగరం మెయిన్ రోడ్డు మీద రాయపూర్ వైపు పోయే లారీలు నీళ్లు చిమ్ముకుంటూ వెళ్తున్నాయి. టిఫిన్ దుకాణం వెనక గదిలో ఆవిడ మళ్లీ స్విచ్ వేసింది. గ్రైండర్ ఒక్కసారి మూలిగింది. అడుగు నుంచి సన్నగా పొగ లేచింది. మాడిన వైరు వాసన మినప్పిండి వాసనతో కలిసి గదంతా కమ్ముకుంది.

"పోయింద్రా బాబూ."

కొడుకు చాప మీద నుంచి లేచి వచ్చాడు. డిగ్రీ రెండో సంవత్సరం. సెల్‌ఫోన్ లైటు వేసి చూశాడు. పిండి సగమే నలిగింది. పప్పు ఇంకా పలుకులు పలుకులుగా రాతికి అంటుకుని ఉంది. ఇంకో రెండు గంటల్లో మొదటి బస్సు డ్రైవర్లు వస్తారు, ఇడ్లీ అడుగుతారు, బొంబాయి చట్నీ అడుగుతారు. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. చీర చెంగు నడుముకు బిగించి, పిండిని చేత్తో గిన్నెలోకి తోడింది. గోనెపట్టా నెత్తిన కప్పుకుని, ఆ వానలోనే నాలుగిళ్ల అవతల ఉన్న రుబ్బురోలు దగ్గరికి నడిచింది.

ఆ గ్రైండర్ భర్త చనిపోయిన ఏడాది సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఎనిమిదేళ్లు తిరిగింది.

పొద్దున్న మెకానిక్ వచ్చి విప్పి చూశాడు. వైండింగ్ మొత్తం నల్లగా అయిపోయింది. కొత్తగా చుట్టాలంటే రెండు వేల ఎనిమిది వందలు అన్నాడు. చుట్టినా ఎన్నాళ్లు తిరుగుతుందో చెప్పలేనన్నాడు. ఆవిడ గల్లాపెట్టె తీసి చూసి, మూసేసింది.

ఆ రాత్రి పన్నెండు కావస్తుండగా కొడుకు గట్టిగా పిలిచాడు.

"అమ్మా, ఒకపాలి ఇలా రా!"

సెల్‌ఫోన్ తెర మీద స్టీలు గ్రైండర్ మెరుస్తోంది. పది లీటర్లది. పిండి వంచుకోడానికి పక్కకు వాలే రకం. హోటళ్లలో వాడేది. పైన 31,500 అని రాసి అడ్డగీత కొట్టారు. దాని కింద పెద్ద అక్షరాల్లో 2,499. పక్కన ఎర్రగా 92 శాతం తగ్గింపు. దీపావళి సేల్ బొమ్మలో దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. కింద సన్నటి అక్షరాల్లో అమ్మేవాళ్ల పేరు, కోయంబత్తూరు చిరునామా.

"రిపేరు కంటే కొత్తదే సవకేట్రా?"

"పండగ సేల్ కదమ్మా."

"ఏటో మరి. నిజిమేనా అది?"

కొడుకు జవాబు చెప్పలేదు. యూపీఐ పిన్ కొట్టాడు. తెర ఒక్క క్షణం తెల్లబడింది. ఆకుపచ్చ టిక్కు పడింది. ఆర్డర్ ఖరారైందని మెసేజ్ వచ్చింది. మంగళవారం చేరుతుందని తేదీతో సహా ఉంది. బ్యాంకు నుంచి డబ్బు కట్ అయిన మెసేజ్ కూడా వచ్చింది. ఆవిడ ఆ రెండు మెసేజ్‌లనూ వాడి చేత మళ్లీ చదివించుకుంది. ఎందుకో వాడు వాటిని స్క్రీన్ షాట్ తీసి పెట్టుకున్నాడు.

పది నిమిషాలకు ఫోన్ మోగింది. కాలేజీ స్నేహితుడు.

"ఒరే, చూసినావా? ఇరవై కొట్టు. నేను డబ్బు సర్దుతాను. ఒక్కోటి పదిహేను వేలకు అమ్మేద్దాం. పొద్దున్నకల్లా రేటు మార్చేస్తారు, బేగి!"

కొడుకు వేలు మళ్లీ తెర మీదకు వెళ్లింది. ఎన్ని కావాలో అంకె వేసే గడి తెరుచుకుంది.

"మనకెన్ని కావాలి?" వెనక నుంచి తల్లి గొంతు.

"ఒకటి."

"మరేటి? ఒకటే ఉంచు."

వాడు గడి మూసేశాడు. స్నేహితుడు ఫోన్లో ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

సరిగ్గా ఇలాంటి రాత్రే ఒకటి సింగపూర్‌లో నడిచింది. 2003 జనవరి 13. అర్ధరాత్రి దాటింది. డిజిలాండ్‌మాల్ అనే వెబ్‌సైట్‌లో హెచ్‌పీ కలర్ లేజర్ ప్రింటర్ ధర 66 డాలర్లని కనిపించింది. అసలు ధర 3,854 డాలర్లు. అంతకు కొన్ని రోజుల ముందు ఉద్యోగులకు శిక్షణ ఇస్తూ, నమూనా కోసం గడుల్లో 66 అనే అంకె నింపారు. ఆ నమూనా కాస్తా అసలు సైట్‌లోకి జారిపోయింది. ఎవరూ చూసుకోలేదు. ఆ రాత్రి ఒక కుర్రాడికి చాటింగ్‌లో కబురందింది, అతను ఇంకొకరిని లేపాడు, ఆ ఇంకొకరు మరొకరిని లేపారు, నిద్ర కళ్లతో కంప్యూటర్ల ముందు కూర్చున్న స్నేహితులు ఆరుగురు తెల్లారేలోగా ఒక్కొక్కరూ వందలకు వందలు ఆర్డర్లు కొట్టుకుంటూ పోయి, మొత్తం 1,606 ప్రింటర్లు తమ పేర రాయించుకున్నారు. వాళ్లలో ఒకాయన లాయరు. కంపెనీ వాళ్లు పొద్దున్న కళ్లు తెరిచి చూసేసరికి 784 మంది నుంచి 4,086 ప్రింటర్లకు ఆర్డర్లు పడి ఉన్నాయి.

కంపెనీ ఇవ్వనంది. ఆరుగురూ కోర్టుకెక్కారు.

కోర్టు వాళ్లను ఒకటే అడిగింది. అది పొరపాటని మీకు తెలుసా, తెలియదా? అసలు ధర ఎంతో ఆ రాత్రే ఇంటర్నెట్‌లో వెతికి చూసుకున్న ఆనవాళ్లు బయటపడ్డాయి. ఎదుటివాడి పొరపాటని తెలిసే లాక్కున్నారు కాబట్టి ఒప్పందమే చెల్లదని 2004లో హైకోర్టు తేల్చింది. 2005లో అప్పీలూ పోయింది. ఒక్క ప్రింటరూ రాలేదు.

ఇరవై కొట్టకుండా ఆపిన ఆ తల్లికి సింగపూర్ కథ తెలియదు. ఒక దుకాణానికి ఒక గ్రైండర్ చాలు, అంతే.

మర్నాడు పదకొండున్నర. వాన తెరిపిచ్చింది. చంపావతిలో ఎర్రనీళ్లు దిగాయని ఎవరో చెప్పుకుంటున్నారు. కొడుకు బల్లలు తుడుస్తున్నాడు. తెలియని నంబరు నుంచి ఫోన్.

"సార్, మీరు గ్రైండర్ ఆర్డర్ వేసినారు కదా. కోయంబత్తూరు నుంచి మాట్లాడుతున్నాను."

తెలుగే. యాస మాత్రం వేరు. మాట చివర తమిళంలా లాగుతున్నాడు. తరాల కిందట అటు వెళ్లి నిలదొక్కుకున్న తెలుగు కుటుంబాలు కోయంబత్తూరు చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం.

"రేటు తప్పు పడింది సార్. 24,990 పడాల. ఒక సున్నా పోయింది. మీరు దయచేసి ఆర్డర్ క్యాన్సిల్ చేయండి. మీ డబ్బు మీకు వచ్చేస్తుంది."

"తప్పు మీది కదా. మీరే చేసుకోండి."

"మేము చేస్తే మా ఖాతాకు దెబ్బ సార్. మీ వైపు నుంచి చేస్తే ఏమీ కాదు. ఒక్క బటన్ సార్. కారణం అడిగితే 'ఇక వద్దు' అని పెట్టండి. ఇప్పుడే చేస్తారా? లైన్లో ఉంటాను."

కొడుకు ఆర్డర్ పేజీ తెరిచాడు. క్యాన్సిల్ బటన్ కనిపించింది. నొక్కాడు. కారణాల జాబితా వచ్చింది. 'ఇక వద్దు' అనే దాని మీద వేలు ఆగింది.

చిన్న బటనే. కానీ దాన్ని కొన్నవాడు నొక్కితే, కొన్నవాడే మనసు మార్చుకున్నాడని కంప్యూటర్లో రాసుకుపోతుంది. అమ్మినవాడు మాట తప్పాడన్న ఆనవాలు ఎక్కడా మిగలదు. రేపు ఎక్కడికైనా వెళ్లి అడిగితే, మీరే వద్దన్నారు కదా అంటారు. తప్పు ఒకరిదైతే, దాన్ని కడిగే పని ఇంకొకరి వేలి మీద పెట్టడం అన్యాయం. ఇలాంటి ఫోన్ ఎంత మర్యాదగా వచ్చినా, చేసేది ఆ అన్యాయమే.

"ఒరే, ఆగు," అంది తల్లి. "మీ మావయ్యకి ఫోన్ సెయ్యి."

మావయ్య విజయనగరంలో ఒక వకీలు దగ్గర గుమస్తా. ఇరవై ఏళ్లుగా కోర్టు కాగితాలు మోస్తున్నాడు. మొదటి మాటే గట్టిగా వచ్చింది.

"నొక్కినావేట్రా?"

"లేదు మావయ్యా."

"నొక్కకు. స్క్రీన్ షాట్ ఉందా? రేటు కనిపించేది, ఖరారైనట్టు వచ్చింది, డబ్బు కట్టయింది? మూడూ నాకు పంపు. ఆ సెల్లర్‌ని ఏం చెప్పినా రాతలో చెప్పమను. ఫోన్లో చెప్పింది గాలిలో పోతాది."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"ఒడిశాలో లా చదివే కుర్రాడు 2014లో ల్యాప్‌టాప్ ఆర్డర్ పెట్టినాడు. అమెజాన్లో. 23,499 రూపాయలది, 190 రూపాయలకి కనిపించింది. ఖరారైంది. రెండు గంటలు తిరక్కుండా ఫోన్ చేసి రద్దన్నారు. వాడు ఊరుకోలేదు. ప్రాజెక్టుకి కావాలని వేరే ల్యాప్‌టాప్ కొనుక్కుని, కేసు వేసినాడు."

"గెలిచాడా?"

"అక్కడే ఉంది." మావయ్య గొంతు సవరించుకున్నాడు. "మేము మధ్యలో ఉన్న బజారు వాళ్లమే, అమ్మింది వేరేవాళ్లు అని కంపెనీ వాదించింది. జిల్లా వినియోగదారుల ఫోరంలో కొంత పరిహారం ఇప్పించారు. వాడు చాలదని రాష్ట్ర కమిషన్‌కి వెళ్లినాడు. ధర చూపించారు, ఆర్డర్ తీసుకున్నారు, ఖరారు చేశారు, ఒప్పందం అక్కడితో పూర్తయిపోయిందని కమిషన్ తేల్చింది. 2021 జనవరిలో అన్నీ కలిపి 45,000 కట్టమన్నారు."

కొడుకు కళ్లు పెద్దవయ్యాయి. "అంటే మనకి గ్రైండర్..."

"ల్యాప్‌టాప్ ఇవ్వమనలేదురా. డబ్బులే. అదీ ఆరేళ్లకి. మీ అమ్మకి ఆరేళ్లు ఆగే ఓపికుందేమో అడుగు."

తల్లి రోలు దగ్గర నుంచి తెచ్చిన పిండిలో ఉప్పు కలుపుతోంది. తల ఎత్తలేదు. చెవి మాత్రం ఇటే ఉంది.

"చట్టం ఎటుంది మావయ్యా?"

"1872 కాంట్రాక్టు చట్టం ఉంది కదా, అందులో 22వ సెక్షన్. ఒక్కడే పొరబడినంత మాత్రాన ఒప్పందం రద్దు కాదు. ఇద్దరూ పొరబడితే 20వ సెక్షన్, అప్పుడు చెల్లదు. ఇక్కడ పొరబడింది ఒక్కడే. కానీ వాళ్లూ ఊరుకోరు. మా షరతులు చూడండి, సరుకు బయల్దేరే దాకా ఒప్పందమే లేదు అంటారు. 92 శాతం తగ్గింపు అంటే తప్పని నీకు తెలీదా అంటారు. అందుకే ఒకటే పెట్టడం మంచిదయింది. ఇరవై పెట్టుంటే నేనూ నీ మొహం చూసేవాణ్ని కాదు."

కొడుకు మింగిన గుటక అవతలికి వినపడే ఉంటుంది.

"ఇంకోటి. బయట డబ్బు పంపితే తక్కువలో ఇస్తానంటాడు. పంపకండి. సైట్ దాటి ఇచ్చిన డబ్బుకి దిక్కూ మొక్కూ ఉండదు. ముందు ఆ సైట్ ఫిర్యాదుల అధికారికి రాయి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్. అదీ కాకపోతే విజయనగరంలోనే కేసు. నువ్వున్న ఊరి జిల్లాలోనే వేసుకోవచ్చు, కోయంబత్తూరు పోనక్కర్లేదు. 5 లక్షల లోపు ఫీజు కూడా లేదు."

ఫోన్ పెట్టేశాడు. వెంటనే మళ్లీ మోగింది. కోయంబత్తూరు.

ఈసారి తల్లి చెయ్యి తుడుచుకుని ఫోన్ అందుకుంది. స్పీకర్ వేయించింది. మళ్లీ చినుకులు మొదలయ్యాయి. అవతల వెనక నుంచి ఏదో యంత్రం గరగరలాడుతోంది. రాతిని చెక్కుతున్న చప్పుడు. ఆవిడకు ఆ చప్పుడు తెలుసు.

"ఏటి బాబూ, మీరే తయారు సేస్తారా?"

అవతల ఒక్క క్షణం మౌనం. ఈ ప్రశ్న అతను ఊహించలేదు.

"అవునమ్మా. చిన్న షెడ్డు. ఏడుగురు పనివాళ్లు. మా నాన్న కాలం నుంచి ఇదే."

కోయంబత్తూరుకు గ్రైండర్ అంటే ప్రాణం. 1955లో అక్కడి సభాపతి అనే ఆయన కరెంటుతో తిరిగే రుబ్బురోలు చేసిన నాటి నుంచి ఆ ఊరి వీధులు పొత్రాలు చెక్కుతూనే ఉన్నాయి. కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా దక్కింది. మన ఇడ్లీ మెత్తదనంలో కొంత ఆ ఊరి రాయిదే.

"మా అన్న కొడుకు ఎక్సెల్ షీట్‌లో రేట్లు ఎక్కించినాడమ్మా. పండగ అని అన్నిటికీ ఒకేసారి. ఒక్క వరసలో సున్నా పోయింది. రాత్రికి రాత్రి ఇరవై ఏడు ఆర్డర్లు. ఒకాయన ఒక్కడే పదిహేను పెట్టినాడు. పంపితే షెడ్డు మూసుకోవాల. నేను క్యాన్సిల్ చేస్తే నా ఖాతా ఆపేస్తారేమో అని భయం. పండగ అమ్మకమంతా పోతుందమ్మా."

గొంతు వణికింది. నటన కాదని ఆవిడకు అనిపించింది. ముప్పై ఏళ్లు గిరాకీలతో మాట్లాడిన మనిషి.

ఇలాంటి దెబ్బ తిన్నవాళ్లు ప్రపంచంలో చాలామందే. 2014 డిసెంబర్ 12, శుక్రవారం సాయంత్రం. ఇంగ్లండ్‌లో ఏడు నుంచి ఎనిమిది గంటల మధ్య. ధరలను తనంతట తానే మార్చే రీప్రైసర్ ఎక్స్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ గాడి తప్పింది. అమెజాన్‌లో అమ్ముకునే చిన్న వ్యాపారుల సరుకు ఒక్కసారిగా ఒక్క పెన్నీకి పడిపోయింది. బొమ్మలు, దుస్తులు, ఫోన్లు, ఏదైనా ఒక్క పెన్నీ. క్రిస్మస్ ముందు రోజులు. జనం ఎగబడ్డారు. చాలా ఆర్డర్లను అమెజాన్ రద్దు చేసింది. అప్పటికే గోదాముల నుంచి కదిలిపోయిన సరుకు మాత్రం కదిలిపోయింది. ఏడాదంతా కూడబెట్టింది ఒక్క గంటలో కారిపోతుంటే కుటుంబాలు తెరలకేసి చూస్తూ కూర్చున్నాయి.

"పదిహేను పెట్టినాయనకి పంపకు బాబూ," అంది ఆవిడ మెల్లగా. "అది ఆశ."

"మరి మీరమ్మా?"

వాన పెరిగింది. రేకుల చప్పుడులో మాట వినపడక కొడుకు ఫోన్‌ని ఆవిడ నోటి దగ్గరికి జరిపాడు.

"నాది పాడయిపోయింది. అందుకని పెట్టినాను. అంత తక్కువేటని మా వాడిని అడిగినాను కూడాను. పండగ సేల్ అన్నాడు. నమ్మినాను. నీ షెడ్డు మూయించి నేను ఇడ్లీ వండుకోలేను. కానీ ఆ బటన్ నేను నొక్కను."

"అమ్మా..."

"ఇను. నాకు వద్దని నేను అబద్ధం రాయను. నాకు కావాల. రేటు తప్పు పడింది, తప్పు మాదే అని నువ్వు రాసి పంపు. నువ్వే నొక్కు. నా డబ్బు నాకు రానీ. నీ ఖాతా ఏటవుద్దో, ఆ కంపెనీని నువ్వడుగు. సున్నా పోయిందని ఆళ్లకీ కనిపిస్తాది కదా."

అవతల రాయి చెక్కే చప్పుడు ఆగింది. ఎవరో తమిళంలో ఏదో అడిగారు. అతను జవాబు చెప్పలేదు.

"బయట నుంచి తీసుకుంటారా అమ్మా? లాభం లేకుండా, చేసిన ఖర్చుకే ఇస్తాను. మీరు నాకు పంపేస్తే..."

కొడుకు తల అడ్డంగా ఊపాడు. మావయ్య మాట ఇంకా చెవిలోనే ఉంది. తల్లి వాడి మొహం చూసింది.

"ఒద్దు బాబూ. నువ్వు మంచోడివే అవ్వొచ్చు. నాకేటి తెలుస్తాది?"

లైన్ కట్ అయింది.

సాయంత్రమంతా ఏ మెసేజూ రాలేదు. ఆర్డర్ పేజీలో మంగళవారం తేదీ అలాగే ఉంది. కొడుకు గంటకోసారి తెరిచి చూస్తున్నాడు. ఎనిమిదింటికి కరెంటు పోయింది. వీధి మొత్తం చీకటి. దూరంగా రైల్వేస్టేషన్ వైపు నుంచి గూడ్సు బండి కూత సాగి సాగి వినిపించింది. తల్లి కొవ్వొత్తి వెలుతురులో పప్పు ఏరుతోంది.

తొమ్మిది దాటాక ఫోన్ వెలిగింది.

ఒకటి కాదు, మూడు మెసేజ్‌లు. మొదటిది సైట్ నుంచి: అమ్మకందారు మీ ఆర్డర్‌ను రద్దు చేశారు. రెండోది: 2,499 రూపాయలు తిరిగి పంపుతున్నాం. మూడోది సైట్ మెసేజ్ పెట్టెలోకి వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు. ధర వేయడంలో పొరపాటు మాదే, కొన్నవారిది ఏ తప్పూ లేదు, క్షమించండి అని. కింద ఒక్క లైను ఖాళీ వదిలి ఇంకో మాట: మీ పాత గ్రైండర్ రాయి కొలతలు పంపితే, మంచి మెకానిక్‌కి ఏం చెప్పాలో నేను చెబుతాను అమ్మా.

కొడుకు గట్టిగా చదివాడు. తల్లి పప్పు ఏరడం ఆపలేదు.

"రాతలో ఇచ్చినాడు కదా," అంది.

మర్నాడు గల్లాలోంచి మూడు వందలు తీసి, ఆ తిరిగొచ్చిన డబ్బుతో కలిపి మెకానిక్ చేతిలో పెట్టింది. రాత్రికి మోటారు చుట్టి తెచ్చాడు. స్విచ్ వేసేముందు ఆవిడ రాతిని ఒకసారి అరచేత్తో తడిమింది. నీళ్లు చిలకరించింది. పొత్రం కదిలింది. ముందు బరువుగా, తర్వాత ఒక ఊపులో పడి. కొత్త వార్నిష్ వాసన. నానిన మినప్పప్పు గుప్పెడు గుప్పెడు వేస్తుంటే తెల్లటి నురగ రాతి చుట్టూ ఎక్కుతోంది.

మావయ్య ఫోన్ అప్పుడే వచ్చింది.

"అప్పా, కాగితాలన్నీ చూసినాను. రాసి మరీ ఇచ్చినాడు కాబట్టి గట్టిగానే ఉంది. ఆ చిన్నోడి మీద ఒద్దు, పెద్ద కంపెనీ మీద ఏద్దాం. ఖరారైందని మెసేజ్ పంపింది, డబ్బు తీసుకుంది ఆళ్లే. రెండేళ్ల దాకా టైముంది. ఏయమంటావా?"

కొడుకు ఫోన్ పట్టుకుని ఆవిడ వైపు చూశాడు. తెర మీద అదే స్టీలు గ్రైండర్ పేజీ తెరిచి ఉంది. ఇప్పుడు ధర 24,990.

"ఎన్ని ఇడ్లీలు రా అది?"

వాడు వేళ్ల మీద లెక్క మొదలుపెట్టాడు.

"పప్పు ఏసేసినాను, పొద్దున్న సెప్తానని సెప్పు మీ మావయ్యకి," అని ఆవిడ రాతి మీదకు వంగింది.